తంతిపెట్టె పద్యమునకు టీకాతాత్పర్యము

తంతి పెట్టె సేయఁ దలఁచిన వాఁడేమొ
కొయ్య మాని బల్బు గొట్ట మరసె
పాత రబ్బరునకుఁ బరుగెత్తె నింటిలో
క్లిప్పు లన్ని మాయ, లేదు తీగ

అవతారిక: గిటారు చేయబూని, దానికి కావలసిన పనిముట్లను తానే చేసికొనుటకు దిగి, చివరకు గిటారునే మరచిన యొక గృహస్థుని గూర్చిన పద్యమిది. పాల లెక్కల పుస్తకము చివరి పుటలో దొరకినది. కవి పేరు లేదు. 'వాఁడేమొ' అనుటచే చెప్పినది తల్లి యని తేలుచున్నది. భార్య యైనచో 'ఆయనేమొ' యని యుండును. అపుడు గణము చెడును.

ప్రతిపదార్థము: తంతిపెట్టె = గిటారును ('గిటారు' జగణము; సూర్యగణము కాదు, ఇంద్రగణము కాదు; అందుచే కవి దానిని గడప బయటనే నిలిపెను); సేయఁ దలఁచిన వాఁడేమొ = చేసెదనని బయలుదేరిన మావాడు; కొయ్య మాని = తెచ్చిన చెక్కను గోడకు చేరవేసి; బల్బు గొట్టము = వానిని; అరసె = వెదకెను; పాత రబ్బరునకు = సైకిలు ట్యూబు కొఱకు; ఇంటిలో పరుగెత్తె = సులభము; క్లిప్పులన్ని మాయ = బట్టల క్లిప్పులు కనబడవాయెను; లేదు తీగ = దీనిని పిదప విచారింతము.

టీక: 'బల్బు గొట్టము' బల్బును గొట్టమును అను ద్వంద్వమా, బల్బు పెట్టిన గొట్టమా? రెండును చెల్లును. గిటారు ప్రక్కపలక మందము రెండు మిల్లీమీటర్లకు అటునిటు. దానిని తడిపి కాగిన గొట్టముపై ఒత్తిపట్టినచో చెక్కలోని లిగ్నిన్ మెత్తబడి పలక వంగును. చల్లారిన పిదప ఆ వంపుననే నిలుచును. గిటారుకు నడుము వచ్చునది ఇట్లే. ఇనుప గొట్టమును వైసులో బిగించి లోపల మంట పెట్టుట ఒక సంప్రదాయము. చార్లెస్ ఫాక్స్ అను అమెరికా శిల్పి కల్పించిన వంపుయంత్రమున బల్బుల వేడియే అగ్నిహోత్రము. బల్బనగా లోపలి తీగ ఎఱ్ఱగా కాలు పాతకాలపు బల్బు. ఎల్‌ఇడి యని అర్థము చెప్పిన నవీన వ్యాఖ్యాతలు పలకలు విఱుచుకొనిరి.

గొట్టము కాగినదని తెలియుటెట్లు? దోసెపెనముపై వలె నీళ్లు చిలకరింపవలెను. చుక్కలు చిందులాడినచో పలక పెట్టవచ్చును. అటుపై కంటికి పని లేదు. మొండికేసిన చెక్క చేతి క్రింద చటుక్కున లొంగు క్షణమొకటి కలదు. అంతకు ముందే ఒత్తినచో నార చిట్లును, ఆ తరువాత జాగు చేసినచో మాడును. గిటార్లు చేయు మార్టిన్ కంపెనీవారు 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్డును విడిచి భారతదేశపు రోజ్‌వుడ్డుకు, అనగా మన జిట్రేగికి, మరలిరి. అది వారి పెన్సిల్వేనియాలో బుద్ధిగా వంగుచున్నది. మావాని చేతికి వచ్చుసరికి దానికి పౌరుషము పుట్టును.

ఇచట పూర్వపక్షము. స్పెయిను దేశపు ఆంటోనియో దె టోర్రెస్ 1862లో ప్రక్కలను, వీపును అట్టతో చేసి యొక గిటారు కట్టెను. అది బార్సెలోనా సంగీత మ్యూజియమున నేటికిని కలదు. అట్ట చాలినపుడు గొట్టమేల? సమాధానము: అట్ట చాలినది టోర్రెసుకు. ఆయనయు ముఖపలకకు అట్ట జోలికి పోలేదు.

'పాత రబ్బరు': పెట్టె అంచున అతికించు సన్నని పట్టీకి సైకిలు ట్యూబును పొడుగాటి పీలికగా కోసి, సాగదీసి, పసిబిడ్డకు పొత్తిగుడ్డవలె చుట్టబెట్టుదురు. ఇనుప బిగింపు ఒక్కచోటనే నొక్కును. రబ్బరు వంపు ఎట్లు పోయిన అట్లు పోవును.

'క్లిప్పులు': ప్రక్కపలక అంచు సన్నము, జిగురు పట్టుటకు అచట చోటు లేదు. కావున లోపలి అంచు పొడుగున గాట్లు పెట్టిన చెక్కపట్టీని అతికింతురు. అది ఆరువఱకు అంగుళమున కొక క్లిప్పు కావలెను. స్ప్రింగు చాలనిచో పైన రబ్బరు బ్యాండు చుట్టుదురు. 'అన్ని' యనుట అతిశయోక్తి కాదు, లెక్క.

మరల పూర్వపక్షము: ఇవియన్నియు కొనవచ్చును గదా? 1966లో ఇర్వింగ్ స్లోన్ క్లాసిక్ గిటారు నిర్మాణముపై పుస్తకము వెలువరించిన నాడు అంగడిలో ఇట్టివి అరుదు. నేడు సర్వము దొరకును. అయినను అంగడి బిగింపు అంగడివాని కొలతకు ఉండును, మావాని గిటారు నడుము వాని యచ్చుకు ఉండును. అన్నిటికిని ఈ వాదము పనికిరాదు. గిటారు మెడపై మెట్ల గాట్లకు రమారమి 0.6 మిల్లీమీటర్ల రంపము కావలెను. దానిని ఇంట చేయబూనుట మూర్ఖత్వమని టీకాకారుని మతము, కొనుడు. చేసికొనవలసినది ఆ రంపమును నడపు కొలబద్ద. తీగ పొడవు 650 మిల్లీమీటర్లైనచో 17.817తో భాగింపగా మొదటి మెట్టు 36.48 దగ్గఱ పడును. మిగిలిన పొడవును మరల భాగించుచు పోవలెను. పన్నెండవది సరిగా నడుమ, 325 వద్ద పడును. లెక్క సులువని పూర్వులవలె 18తో భాగించినచో ఆ పన్నెండవ మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా జరుగును. బొబ్బిలి వీణకు ఈ బాధ లేదు. మెట్లు మైనముపై కూర్చుండును, తప్పును చెవి పట్టుకొనును, చేయి సవరించును. గిటారున గాటు పడినదా, పడినదే.

'లేదు తీగ': శ్లేష. తీగ యనగా దండెము. క్లిప్పులు లేని దండెము, గాలికి బట్టలు పొరుగింటికి పోవుటచే, ఉన్నను లేనిదే. తీగ యనగా గిటారు తంతియు. అది ఇంకను బిగింపబడలేదు. రెండవ యర్థము తల్లికి తోచి యుండదని కొందఱు. ఆమె ఏడాదిగా ఆ పెట్టెను తప్పించుకొనుచు ఇల్లు ఊడ్చుచున్నదని వారు ఎఱుగరు.

తాత్పర్యము: మావాడు గిటారు చేయుచున్నాడు, ప్రస్తుతము బిగింపులైనవి.

మాతృకయందు పద్యము క్రింద అదే వ్రాతలో, వేఱు సిరాతో, 'క్లిప్పులు రెండు డజనులు తెచ్చితిని, బియ్యపు డబ్బాలో దాచితిని' అని కలదు. దాని క్రింద మఱొక వ్రాతలో: 'డబ్బా మూత ఒకసారి కావలెనమ్మా, వృత్తమునకు.'