గదిలోకి తోసి గడియపెట్టే సంస్కారం

ఆడపిల్ల ఒంటి సంగతులు నోటితో అనకూడదన్నది మన ఇళ్లలో తరతరాల కట్టడి. ఎంత కట్టడి అంటే, పిల్ల పెద్దమనిషయిన విషయం తల్లి ఆ పిల్లకు తప్ప ఊరందరికీ చెబుతుంది. ఫ్లెక్సీ వేయిస్తుంది. నాలుగు రోడ్ల కూడలిలో పట్టుబట్టల్లో పిల్ల ఫొటో, చుట్టూ మేనమామల ఫొటోలు, పైన స్థానిక నాయకుడి నవ్వుముఖం. చిమ్మిలి దంచుతారు, ఫంక్షన్ హాలు మాట్లాడతారు, డ్రోన్ కెమెరా ఎగరేస్తారు. 'ఇంతకీ నాకేమైందమ్మా?' అని ఆ పిల్ల అడిగితే మాత్రం, 'నోర్మూయ్, సిగ్గులేదూ!' సిగ్గు పిల్లకుండాలి. ఫ్లెక్సీకి అక్కర్లేదు.

ఆ పిల్లే ఇంజనీరింగ్ చదివి, మాదాపూర్‌లో ఉద్యోగం చేసి, ఇరవై ఏడో ఏట పెళ్లిపీటలెక్కుతుంది. ఇప్పుడైనా తల్లి నోరు విప్పుతుందనుకుంటే మన మర్యాద మీకు తెలియనట్టే. శోభనానికి పంతులుగారు పంచాంగం తిరగేసి నిమిషాలతో సహా ముహూర్తం పెడతారు. పూలవాడు మంచానికి దండలు కడతాడు, బిల్లు తండ్రి చెల్లిస్తాడు. పిన్ని పాలు కాస్తుంది. వదిన నవ్వాపుకుంటూ గ్లాసు చేతికిస్తుంది. మేనత్త వీపుమీద చెయ్యేసి లోపలికి తోస్తుంది. ఇంతమంది ఆడవాళ్లు, అందరూ కాపురాలు చేసినవాళ్లే, కొందరు మనవల్నెత్తినవాళ్లు. లోపలికి వెళ్తున్న మనిషికి వాళ్లంతా కలిసి ఇచ్చే జ్ఞానం ఒక్క ముక్క: 'అబ్బాయి చెప్పినట్టు విను.' మరి అబ్బాయికి ఎవరు చెప్పారు? ఫోను చెప్పింది.

మూడు నిద్రలూ అయ్యాక ప్రశ్నల పర్వం మొదలవుతుంది. 'ఎలా ఉన్నావే?' అని అడిగేవాళ్లుండరు. 'విశేషమేమైనా ఉందా?' అని అడగనివాళ్లుండరు. ఆర్నెల్లకు అత్తగారి దగ్గర, ఏడాదికి అపార్ట్‌మెంట్ లిఫ్టులో, రెండేళ్లకు సంతాన సాఫల్య కేంద్రంలో. అక్కడ డాక్టరుగారు అమ్మనూ అత్తగారినీ బయట కూర్చోబెట్టి, తలుపు మూసి, నెమ్మదిగా నాలుగు మాటలు అడిగితే అసలు సంగతి బయటపడే జంటలున్నాయి. నొప్పివల్లో భయంవల్లో వాళ్లిద్దరూ ఇంకా ఒకటి కాలేదు. దీనికి వైద్యముంది, చాలామందికి నయమవుతుంది కూడా. పిల్ల మొదటి వారంలోనే చెప్పింది, 'నొప్పిగా ఉందమ్మా' అని. 'మొదట్లో అంతేలేవే, అదే సర్దుకుంటుంది' అంది తల్లి. ముహూర్తం నిమిషం దాటకుండా చూసుకున్న ఇల్లు వైద్యానికి రెండేళ్లు తాత్సారం చేసింది.

అయినా మన తల్లులు అసలు మాట్లాడరనడం అన్యాయం. ఒక్క విషయంలో ధారాళంగా మాట్లాడతారు. ఆపరేషన్! 'ఇద్దరు పుట్టారుగా, చేయించేసెయ్' అని కాన్పు మంచం పక్కనే నిలబడి చెబుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో 62 మంది. కండోమ్ వాడుతున్నామన్నవాళ్లు ఆంధ్రలో నూటికి ఒకరు కూడా లేరు. మగవాళ్ల ఆపరేషన్ మాటెత్తకండి, పాపం బరువులు మోసేవాడు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల లెక్కలోనూ దేశంలో మన రెండు రాష్ట్రాలదీ ముందువరసే. కోతకు లేని సిగ్గు మన ఇళ్లలో మాటకొచ్చింది.

పోనీ, బడిలో నేర్పిద్దామా? 2009లో మన తెలుగాయనే అయిన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బడుల్లో లైంగిక విద్య వద్దని తేల్చేసింది. టీవీలోనా? కండోమ్ ప్రకటనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకానే వేసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం చానళ్లకు చెప్పింది. పట్టపగలు ఐటమ్ పాటలకు అడ్డు లేదు. స్కూలు వార్షికోత్సవానికి ఆ స్టెప్పులు అమ్మే దగ్గరుండి నేర్పిస్తుంది. ఇక మిగిలింది స్వాతి వారపత్రిక. డాక్టర్ సమరం గారి జవాబులు అమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని చదివి పరుపు కింద దాచేది. సాయంత్రం కూతురు అదే పరుపు కింద నుంచి తీసి చదివి, మడత చెడకుండా మళ్లీ అక్కడే పెట్టేది. ఒకే ఇల్లు, ఒకే పత్రిక, ఒకే పేజీ. విజయవాడ డాక్టరుగారు ఇద్దరితోనూ మాట్లాడారు. వాళ్లిద్దరూ మాత్రం మాట్లాడుకోలేదు.

ఇదంతా మన సంస్కృతి అని రొమ్ము విరుచుకునే పెద్దలకు ఒక మనవి. పద్దెనిమిదో శతాబ్దంలో, తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. అందులో రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, గదిలోకి పంపేముందు చెప్పాల్సినవన్నీ చెబుతుంది. కృష్ణుణ్ణీ వదలదు. కొత్త పెళ్లికూతురితో మెత్తగా మసలుకొమ్మని ఆయనకూ బుద్ధి చెబుతుంది. పెద్దామె చిన్నామెతో నోరు విప్పిన ఆ కావ్యానికి మనం చేసిన సన్మానమేమిటి? వితంతువులకు పెళ్లిళ్లు చేసిన వీరేశలింగం గారంతటివారే అది ఆడదాని నోట రాదగింది కాదని ఈసడించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిపాఠంతో అచ్చువేయిస్తే తెల్లదొరలు నిషేధించారు. 1947లో టంగుటూరి ప్రకాశం గారు పుస్తకం మీద నిషేధం ఎత్తేశారు. ఇంట్లో నోళ్ల మీది నిషేధం ఎత్తేవాళ్లు ఇంకా పుట్టలేదు.

ఈ మౌనంవల్ల ఎవరికీ లాభం లేదనుకునేరు. తన ఒళ్లు తనకే తెలియని మనిషికి వద్దనడం రాదు, కావాలనడం అసలే రాదు. అలాంటి భార్యకన్నా సుఖమేముంది? చట్టం కూడా అంతే తెలివిగా ఉంది. భార్యకు 18 ఏళ్లు నిండాయంటే భర్త బలవంతం అత్యాచారం కిందికి రాదని భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో మినహాయింపు. దాన్ని అత్యాచారమనడం మరీ కఠినమైపోతుందని 2024 అక్టోబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు విన్నవించింది. పాపం, అంత ప్రమాణపత్రం దాఖలు చేయక్కర్లేదు. ఏ వీధిలో ఏ అమ్మనడిగినా ప్లీడరు లేకుండానే తీర్పు చెప్పేది: 'మగాడన్నాక అంతేనే. అల్లుడుగారికి కోపం తెప్పించకు.'

ఇదే అమ్మ కూతురి కాన్పుకని డల్లాస్ వెళుతుంది. సూట్‌కేసు నిండా సొంఠి, కాయం, కారప్పొడి. పథ్యం పెడుతుంది, నడుం కడుతుంది, కుట్లు ఆరాయో లేదో దగ్గరుండి చూస్తుంది. 'నాలుగు నెలలైనా ఆయన దగ్గరికొస్తే భయంగా ఉందమ్మా' అని కూతురంటే మటుకు, లేచెళ్లి పప్పుకు తాలింపు పెడుతుంది. కూతురికి ఏదో తెలిసిపోతుందన్న బెంగ ఆమెకు లేదు. ఆ తర్వాత రాబోయే ప్రశ్నంటేనే హడలు. 'మరి నీకో అమ్మా? నీకెప్పుడైనా బాగుండేదా? నీకిష్టమేనా అని నాన్న ఒక్కసారైనా అడిగారా?' ముప్పై ఏళ్ల కాపురంలో ఆ లెక్క ఎన్నడూ విప్పి చూసుకోలేదు. ఇప్పుడు విప్పితే ఎంత తేలుతుందో. దానికన్నా తాలింపు నయం.

కూతుళ్లూ, నవ్వకండి. మీరూ తక్కువ తినలేదు. స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆడదాని కోరిక గురించి అర్ధరాత్రి దాకా ఉపన్యాసాలిస్తారు. యాభై రెండేళ్ల అమ్మ కాటుక పెట్టుకుని 'నేనూ మీ నాన్నా ఊటీ వెళ్లొస్తామే' అంటే, 'ఈ వయసులో ఇదేంటమ్మా, నలుగురూ నవ్విపోతారు' అంటారు. ముట్లుడిగి, ఒంట్లోంచి ఆవిర్లొస్తూ, నిద్రపట్టక ఆమె హాల్లో తిరుగుతుంటే 'ఊరికే చిరాకు పడకు' అని తలుపేసుకుంటారు. ఆమె ఒళ్లు మీ పిల్లల్ని పెంచడానికే ఉందనుకున్నారా? మీ అమ్మ మీకు చేసిందే మీరు ఆమెకు వడ్డీతో తీరుస్తున్నారు.

తల్లులారా, మీకు పాఠాలేవీ రావంటే పోనివ్వండి, రెండు మాటలు చాలు. 'వద్దనిపిస్తే వద్దను. కావాలనిపిస్తే కావాలను.' వీటికి పంచాంగం అక్కర్లేదు, ఫంక్షన్ హాలు అక్కర్లేదు. అలా నేర్పితే కాపురాలు కూలిపోతాయంటారా? కూలనివ్వండి. ఆడదాని నోట ఒక్క 'వద్దు' వస్తే పడిపోయే కాపురం ఇన్నాళ్లూ ఎవరి భుజాల మీద నిలబడిందో అప్పుడైనా అందరికీ కనబడుతుంది.