గ్లాసెడు నీళ్లకు 20 లీటర్ల గుడ్డ

రెండు చెట్ల మధ్య హ్యామక్ కట్టుకుని అడవిలో రాత్రి గడిపేవాళ్లకు అమెరికా క్యాంపింగ్ దుకాణాలు ఒక అభయం ఇస్తుంటాయి. మా గుడ్డ వాన చుక్కను లోపలికి రానివ్వదు, ఒంటి ఆవిరిని మాత్రం బయటికి సాగనంపుతుంది, కనుక తెల్లారేసరికి మీరు పొడిగా లేస్తారు. జార్జియాలో మొదలై మెయిన్ దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్ మీద ఈ మాట నమ్మి నడుం వాల్చినవాళ్లకు కొదవలేదు. ఉత్తర వర్జీనియాలో కాపురముంటూ వారాంతానికి షెనండోవా కొండలెక్కే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ అందులో ఉన్నారు. పొద్దున్నే చూస్తే పైన పందిరిలా కట్టిన టార్ప్ లోపలి వైపు బొట్లు కట్టి ఉంటుంది, కప్పుకున్న క్విల్ట్ కాళ్ల దగ్గర తడిసి ఉంటుంది, వీపు కింద చెమ్మ. దీన్నుంచి వాళ్లు తీసే సారాంశం ఎప్పుడూ ఒకటే: కొన్నది చవక సరుకు, ఈసారి ఖరీదైనది కొనాలి. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం అడగరు. అడిగితే బేరం చెడుతుంది.

చాలావరకు పడుకున్న మనిషి దగ్గర్నుంచే వచ్చాయి. కదలకుండా నిద్రపోయినా సరే, ఊపిరితో కొంత, చర్మం మీంచి కొంత, రాత్రి మొత్తం మీద ఒక గ్లాసెడు నీరు ఒంట్లోంచి ఆవిరైపోతుంది. గాలి దాన్ని ఎంతవరకు మోయగలదన్నది గాలి వేడిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది, 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములే, సున్నా దగ్గరైతే 5 కూడా కష్టం. మోయలేని భారాన్ని ఎదురుపడ్డ మొదటి చల్లటి వస్తువు మీద దించేస్తుంది. ఆ వస్తువు ఖరీదెంతో చూడదు. మన కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్లు పోసిన రైతుకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తేమ 17 శాతం దాటితే కొనరు కాబట్టి రాత్రి రాశి మీద టార్పాలిన్ కప్పుతాడు. పొద్దున తీసి చూస్తే, చుక్క వాన పడకపోయినా, టార్పాలిన్ అడుగున బొట్లు. వడ్లలోని తేమే పైకి లేచి చల్లబడ్డ పట్టాను అంటుకుంది. ఆయన పట్టా అమ్మినవాడి మీద కోపగించుకోడు. ఎండ రాగానే పట్టా లాగేసి వడ్లు తిరగేస్తాడు.

అయితే ఊపిరి తీసుకునే గుడ్డ అంతా బూటకమేనా అంటే, కాదు. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్క ఊపున సాగదీస్తే సన్నటి రంధ్రాల పొర వచ్చింది. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, ఆవిరి అణువులు హాయిగా దూరేంత పెద్దవి ఆ రంధ్రాలు. శాస్త్రంలో దొంగతనం లేదు, దొంగతనమంతా అంకెల్లో ఉంది. క్యాటలాగుల్లో ఇలాంటి గుడ్డలకు చదరపు మీటరుకు 24 గంటల్లో 20,000 గ్రాములని రాస్తారు. అంటే 20 లీటర్లు. మనిషి వదిలేది గ్లాసెడు, గుడ్డ మోస్తానంటున్నది 20 లీటర్లు. ఆ లెక్క నిజమైతే హ్యామక్‌లో ఒక మనిషినే కాదు, పెళ్లివారందర్నీ పడుకోబెట్టినా చెమ్మ ఉండకూడదు. మరి ఎందుకుంటుంది? ఆ అంకెలు పుట్టేది ప్రయోగశాలలో. జపాన్ ప్రమాణాల్లో ఎక్కువ అంకె చూపించే ఒక పద్ధతిలో గుడ్డకు ఒకవైపు నీరు, రెండోవైపు ఆ నీటిని ఆబగా పీల్చేసే పొటాషియం అసిటేట్ ద్రావణం పెడతారు. అపలాచియన్ దారిలోని స్మోకీ కొండల మీద తెల్లవారుజామున నాలుగింటికి హ్యామక్ చుట్టూ పొటాషియం అసిటేట్ ఎవరు పోస్తారు? అక్కడి శిఖరాల మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, చుట్టూ గాలి అప్పటికే నీటితో నిండి ఉంటుంది. ఆవిరి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు పోతుంది, అంతే దానికి తెలిసిన విద్య. పైపొర గుడ్డ బయటి గాలంత చల్లబడ్డాక, దాని లోపలి ముఖం దగ్గర ఉండగలిగిన ఆవిరీ బయటి ఆవిరీ దాదాపు ఒక్కటే అవుతాయి. తేడా లేదు, ప్రయాణం లేదు. మిగిలిన ఆవిరి అక్కడే నీరై కూర్చుంటుంది. గుడ్డకు రంధ్రాలు ఎన్ని ఉన్నా లాభమేమిటి?

ఇంతకంటే ముచ్చటైనది వెండి రేకు కథ. హ్యామక్ కింద గాలి ఆడుతుంది కాబట్టి వీపు చలికి వణుకుతుంది, అది నిజమైన ఇబ్బందే. దానికి సరైన మందు హ్యామక్ కింద వేలాడదీసే అండర్‌క్విల్ట్. దాంతో తృప్తిపడని భక్తులు దాని కింద తళతళలాడే రేకు దుప్పటి కడతారు. అది 1960లలో అమెరికా అంతరిక్ష కార్యక్రమం కోసం తయారైన సరుకు. నాసా పేరు వినగానే మనవాళ్ల ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. ఒంటి వేడిలో తొంభై శాతం తిరిగి మీకే ఇస్తుందని దాని మీద రాసి ఉంటుంది. ఇవ్వాలంటే రేకుకూ ఒంటికీ మధ్య గాలి ఉండాలి, రేకు మెరుస్తూ ఉండాలి. ఆవిరిని అణువంత కూడా పోనివ్వని ఆ రేకు మీద అర్ధరాత్రికల్లా నీటి పొర కమ్ముతుంది, వేడిని తిప్పికొట్టే మెరుపు ఆ పొరతోనే చచ్చిపోతుంది. ఆ నీరు అండర్‌క్విల్ట్ ఈకల్లోకి ఇంకుతుంది, ఈకలు ఉండలు కడతాయి, వీపు మళ్లీ వణుకుతుంది. వణికే వీపుకు ఇంకో రేకు కావాలనిపిస్తుంది. అంతరిక్షంలో మంచు కురవదన్న చిన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

పాత సరుకు కాబట్టి ఇబ్బంది, ఇప్పుడు అన్నీ కొత్త దారాలు వచ్చాయి కదా అంటారు. పాత సరుకు లెక్కే చూద్దాం. 1911 శీతాకాలంలో అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్ దాకా వెళ్లిన ముగ్గురిలో ఒకడైన చెర్రీ-గెరార్డ్ తన రెయిండీర్ తోలు నిద్రసంచి బరువు రాసిపెట్టాడు. వెళ్లేటప్పుడు 18 పౌండ్లు, అయిదు వారాలకు తిరిగొచ్చేసరికి 45. పెరిగిన 27 పౌండ్లూ మంచుగడ్డే. అక్కడ వాన లేదు, వరద లేదు. రాత్రి తర్వాత రాత్రి ఒంట్లోంచి వెళ్లిన తేమ ఆ తోళ్లలో గడ్డకట్టింది. ఆరబెట్టుకునే వేడి లేదు కనుక అది పోయే దారీ లేదు. ఈ కథలో లోపం రెయిండీర్ తోలుదని అనుకునేవాళ్లు ఇవాళ్టి దూది, ఈకలు, నైలాన్ దేన్నయినా అదే చలిలో, ఆరబెట్టకుండా అన్ని వారాలు పెట్టి చూడవచ్చు. ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది, దాటెయ్యకూడదు: సున్నాకు బాగా దిగువన, ఒంటికి ఆనుకుని ఆవిరి పోనివ్వని సంచి వేసుకుంటే పైనున్న దుప్పట్లు పొడిగా ఉంటాయి. నిజమే. ఆ మేరకు ఆ పద్ధతి పనిచేస్తుంది. కాకపోతే తడి పోలేదు, దుప్పటి నుంచి మనిషి మీదికి మారింది. దీన్ని అమ్మేవాడు పొడిగా ఉంటారని చెప్పినప్పుడు ఎవరు పొడిగా ఉంటారో అడగాలి.

అసలైన నివారణ 1814లోనే అచ్చయింది. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ మంచు మీద రాసిన వ్యాసంలో, కాళ్ల మీద నిలబెట్టిన బల్ల పైన కొంత ఉన్ని, అడుగున కొంత ఉన్ని ఉంచి తెల్లవార్లూ ఆరుబయట వదిలిన సంగతి చెప్పాడు. ఆకాశం కేసి చూస్తున్న ఉన్ని బాగా తడిసింది, బల్ల చాటున ఉన్నది తక్కువ తడిసింది. మబ్బులేని ఆకాశానికి ముఖం పెట్టిన ఏ వస్తువైనా తన వేడిని పైకి వదిలేసి చుట్టూ గాలికంటే చల్లబడుతుంది, ఆ చల్లదనమే మంచును పిలుస్తుంది. అంటే పైన కొమ్మలుంటే టార్ప్ అంతగా చల్లబడదు. హ్యామక్‌కు కావలసినవే రెండు చెట్లు! అయినా మన వీరులు గుబురు చెట్లను వదిలి, నక్షత్రాలు కనిపించాలని, ఫొటో బావుండాలని, వాగు పక్కన బయలు అంచున కడతారు. వాగు దగ్గర గాలిలో తేమ ఎక్కువ, లోయ అడుగుకు చల్లగాలి జారి చేరుతుంది, పైన ఆకాశం నోరు తెరుచుకుని ఉంటుంది. మూడు తప్పులూ చేసి, నాలుగోదానిగా టార్ప్ అంచులు నేలకు దించి, తలను క్విల్ట్ లోపలికి దూర్చి ఊపిరంతా అందులోనే వదులుతారు. గుడ్డ ఏం చేస్తుంది పాపం?

గాలి ఆడేలా టార్ప్ ఎత్తి కడితే వాన జల్లు కొడుతుంది, చలి పెరుగుతుంది అంటారు. పెరుగుతుంది. ఎదురుగాలి వాన రాత్రి టార్ప్ దించక తప్పదు, ఆ రాత్రి కొంత చెమ్మ కూడా తప్పదు. మధ్యాహ్నం అన్నం వేళ ఎండలో క్విల్ట్ పరిస్తే అది ఆరిపోతుంది. మిగతా రాత్రుల్లో టార్ప్ రెండు కొసలూ తెరిచి, ముక్కూ నోరూ బయటపెట్టి, తలకు టోపీ పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది. చలి తట్టుకోవడానికి ఇంకొక దుప్పటి మోయాలేమో, ఆ బరువు నిజమైన బరువే. వ్యాపారం ఒప్పుకోనిది ఇదే. చెట్టు నీడకు బార్‌కోడ్ లేదు, తెరిచిన కొసకు ధర లేదు. అలాగని దుకాణాలు పూర్తిగా మొండివి కావు. ఊపిరి తీసుకుంటుందని ప్రమాణం చేసిన జాకెట్‌కే చంకల కింద జిప్పులు కుట్టి పెడుతున్నాయి. హ్యామక్‌ను పైనుంచి మూసే చలికాలపు తొడుగుకు మొహం దగ్గర జాలీ కిటికీ పెడుతున్నాయి. గాలి వెళ్లే కన్నం అన్నమాట. క్యాటలాగులో దానికో మంచి పేరు, పక్కనే అదనపు ధర.