వంపే నా వంశం

నేను దోటిని. ఒళ్లు వెదురుది, ముక్కు ఇనుముది. పెనుకొండ పక్క పల్లెలో చింతమానుకు ఆనుకుని ఉంటాను. ఎండలు ముదిరి చింతకాయ పెంకు పెళుసెక్కితే నాకు పని.

"కట్టెతో బాదొద్దురా అబ్బీ, వచ్చే యేటి కొమ్మలు ఇరుగుతాయి. దోటితో పట్టి ఊపు" అంటుంది అవ్వ మనవడితో. కట్టెకూ నాకూ తేడా అంతే. అది కొడుతుంది, నేను పట్టి దగ్గరికి లాగుతాను.

ధర్మవరం వైపు మేకలోళ్ల భుజం మీద తిరిగే నా తమ్ముడు తుమ్మకొమ్మను వంచి మేక నోటికి అందిస్తాడు. పడమటి దేశాల్లో కాపరి వంపుకర్ర గొర్రె కాలికి తగిలి ఆపుతుందట. అదే వెండిపూత పూసుకుని బిషప్పు చేతిదండమయింది.

నా పేరు నాకంటే ఎక్కువ తిరిగింది. హిందూపురం దాటి కన్నడసీమలో అడుగుపెట్టినా నేను దోటినే. ఇంకా కిందికి పోతే 'తోట్టి'ని. మలయాళంలో ఆ మాటకు పండ్లు దించే గడ అనీ అర్థముంది, మావటి పట్టే అంకుశమనీ ఉంది. తమిళంలోనూ తోట్టి ఏనుగు అంకుశమే.

అంటే నాకు రాజవంశంలో చుట్టరికం ఉన్నట్టే! 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర పాలకుడు తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. రాజున్నచోట ఏనుగు, ఏనుగున్నచోట అంకుశం. తర్వాత రాజధాని చంద్రగిరికి తరలిపోయింది, అంకుశమూ పోయింది. చింతచెట్లు ఎక్కడికీ పోలేదు కాబట్టి నేనిక్కడే మిగిలాను.

అంకుశం సంస్కృతం మాట. అందులోని 'అంక'కు వంపు, కొక్కెం అని అర్థం. అదే అంక గుర్తు అనే అర్థం కూడా తెచ్చుకుని, లెక్కల్లో చేరి, తెలుగువాళ్ల నోట అంకె అయింది.

ఆ అంకె కోసమే అవ్వ ఏడాదంతా ఎదురుచూస్తుంది. పండు కొట్టి, గింజ తీసి, మూటలు హిందూపురం మార్కెట్ యార్డుకు వేస్తుంది. అక్కడ కరిపులి రకానికి ఒక ధర, ఫ్లవర్ రకానికి ఒక ధర. వేలంలో ఏ అంకె పలికితే ఆ ఏటి బతుకు అది.

ఆ వేలానికి మాత్రం నన్ను తీసుకుపోదు. పైనున్నదాన్ని కిందికి దించడం తప్ప నాకింకేమీ రాదని ఆమెకు తెలుసు.