గంబూసియా గారి సర్వీసు రిజిస్టరు

వానలొచ్చాయి, దోమలొచ్చాయి, వాటి వెనకే ఫొటో కూడా వచ్చేసింది. ఉబ్బిన ప్లాస్టిక్ సంచి, సంచి మూతి పట్టుకున్న నాయకుడు, ఆయన మోచేతి సందులోంచి కెమెరా వైపు తొంగిచూసే నలుగురు అధికారులు. చెరువులో గంబూసియా చేపలు వదిలారట, దోమల బెడద ఇక తీరినట్టేనట. ఏటా చూసే ఫొటోనే కాబట్టి మీరూ పేజీ తిప్పేసి ఉంటారు.

నేను మాత్రం తిప్పలేకపోయాను. ఆ సంచిలో ఉన్నవారి సీనియారిటీ నాకు తెలుసు. దాదాపు వందేళ్ల సర్వీసున్న ఉద్యోగిని పేరు చెప్పకుండా, హోదా చెప్పకుండా, కనీసం ఒక శాలువా అయినా కప్పకుండా బుడుంగున నీళ్లలో పోసేస్తారా? పైగా ఇంతకాలంగా ఆయనకు సర్వీసు రిజిస్టరు తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు నేనే తీరుద్దామని కూర్చున్నాను.

పేరు: గంబూసియా. స్వస్థలం: అమెరికా ఆగ్నేయ ప్రాంతం, మెక్సికో సింధుశాఖ తీరపు మడుగులు. మన దేశంలో విధుల్లో చేరిన సంవత్సరం: 1928. నియమించింది దొరల ప్రభుత్వం. ఆ దొరలు 1947లో పెట్టేబేడా సర్దుకుని ఓడెక్కారు. ఈయన ఎక్కలేదు. పదవీ విరమణ వయసు ఎంతో ఏ ఉత్తర్వులోనూ రాయలేదు కనుక ఇంకా సర్వీసులోనే ఉన్నారు.

శారీరక గుర్తులు: ఆడది రెండంగుళాల పైచిలుకు, మగది అంతకన్నా పొట్టి. నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి ఉపరితలం మీద దొరికేది తినడానికి అలా ఏర్పడిందని జీవశాస్త్రం చెబుతుంది. సచివాలయం అనుభవమున్న వారెవరైనా వేరే కారణం చెబుతారు. ఎప్పుడూ పైవాళ్ల వంక చూస్తూ నోరు తెరిచే ఉద్యోగికి ప్రమోషన్ ఆగదు.

హోదా: దోమల నిర్మూలన అధికారి, ఫీల్డు. విద్యార్హత: దోమ పిల్లల్ని తినడం. రోజుకు వందకు పైగా తింటుందని సిఫార్సు లేఖల్లో ఉంటుంది. గాజు తొట్టిలో వేరే తిండేమీ లేకుండా పెట్టి పరీక్షిస్తే ఎవరైనా పెట్టిందే తింటారు. ఇంటర్వ్యూలో చూపిన చురుకు పోస్టింగు వచ్చాక ఉండాలని రూలేమైనా ఉందా? న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సిమెంటు తొట్టిలోనో పాడుబడ్డ బావిలోనో వేసి, అక్కడినుంచి బయటికి పోనివ్వకపోతే ఈయన పని చేస్తారు. ఆఫీసుకు తాళం వేసి కూర్చోబెడితే పనిచేసేవాళ్లు మనకు కొత్తేమీ కాదు.

కుటుంబ వివరాల దగ్గర రిజిస్టరులో కాగితాలు చాలలేదు. ఈ జాతి గుడ్లు పెట్టదు, ఈదే పిల్లల్నే కంటుంది. నెలకో కాన్పు, కాన్పుకు పదులకొద్దీ పిల్లలు. మగచేప ఒక్కసారి కలిస్తే ఆడచేప ఆ వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి కాన్పులు నడిపించగలదు. పుట్టిన పిల్ల కొద్ది వారాల్లోనే తానూ తల్లి అవుతుంది. కారుణ్య నియామకం కోసం తండ్రి ఫొటో పట్టుకుని కలెక్టరేట్ మెట్ల మీద ఏళ్లకేళ్లు కూర్చున్న కుర్రాళ్లు ఇది చదివి కుళ్లుకోవద్దని మనవి. ఇక్కడ పోస్టులకు ఆర్థికశాఖ అనుమతి అక్కర్లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు కోటి మందిని నియమించారు. నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, పేపర్ లీకూ లేదు.

బదిలీలు ఇంకా సులువు. టీచరమ్మ పక్క మండలానికి వెళ్లాలంటే కౌన్సెలింగు, కోర్టు కేసు, స్పౌజు పాయింట్లు. గంబూసియా గారికి ఒక్క గట్టి వాన చాలు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు, అక్కడినుంచి వాగుకు, వాగునుంచి నదికి. సీమలో అయితే మరవ పారితే చాలు. మురుగులో బతుకుతారు, ఉప్పదేలిన నీటిలో బతుకుతారు, ఊపిరాడని ఎండాకాలపు గుంటలోనూ బతుకుతారు. రవాణా భత్యం క్లెయిము చేసినట్టు దాఖలా లేదు.

జీతభత్యాల కాలమ్ చూస్తే నాకు కళ్లు తిరిగాయి. చెరువులో అడుగుపెట్టాక దోమ పిల్ల ఒక్కటే దొరుకుతుందా? ఇతర చేపల గుడ్లు, అప్పుడే పొదిగి బయటికొచ్చిన నలుసంత పిల్లలు, తోకకప్పలు, నీటిపురుగులు, సూక్ష్మజీవులు. అన్నీ క్యాంటీన్ ఖాతాలోనే. ఆ నీటిపురుగుల్లో తూనీగ పిల్లలూ ఉన్నాయి. తోకకప్పలు రేపటి కప్పలే. ఈ రెండూ దోమల పని పట్టేవే. అంటే కొత్త అధికారి వచ్చీ రాగానే అదే పని ఎప్పటినుంచో జీతం లేకుండా చేస్తున్న స్థానిక సిబ్బందిని మింగేశారన్నమాట. పరిపాలనా సంస్కరణ అంటే ఇదే.

ఇంకో తమాషా ఉంది. అదే చెరువులో మత్స్యశాఖ వారు బొచ్చె, రవ్వు పిల్లల్ని ఉచితంగా పోస్తారు, వేరే సంచి, వేరే ఫొటో. అవి వేలెడంత ఉంటాయి కనుక గంబూసియా వాటిని మింగలేరు. రెక్కలూ తోకలూ కొరికి వదిలేస్తారు. ఒక ప్రభుత్వం, ఒక చెరువు, రెండు సంచులు.

అవార్డులు: రష్యాలోని సోచి నగరంలో మలేరియాను తరిమినందుకు ఈయనకు విగ్రహమే పెట్టారు. నమ్మకపోతే వెళ్లి దండేసి రండి. అధ్యయన యాత్రకు సాకు వెతుక్కునే పాలకవర్గాలు నోట్ చేసుకోవచ్చు.

చార్జిమెమోలు: 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈయన్ని సిఫార్సు చేయడం మానుకుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య వంద అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో పేరు చేర్చింది. న్యూజిలాండ్ అవాంఛిత జీవిగా ప్రకటించింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఊటల్లో మాత్రమే బతికే రెడ్ ఫిన్డ్ బ్లూ ఐ అనే వేలి గోరంత చేపను ఈయన అంతరించే అంచుకు తోశారు. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా 2018లో ఆక్రమణ జాతుల పట్టికలో ఎక్కించింది. 2025లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఈ చేపల సంగతేమిటని కేంద్రాన్ని అడిగింది. ఇన్ని మెమోలున్న మనిషయితే ఈపాటికి సస్పెన్షన్‌లో ఉండి సగం జీతం తీసుకుంటుండేవాడు. ఈయనకు ఏటా పొడిగింపు.

ఇక శాఖాపరమైన విచారణ. ఆక్రమణ జాతుల మీద పనిచేసే మత్స్య జీవశాస్త్రవేత్త ఒకరు ఎక్కడో ఒక గదిలో ఉంటారు. గదికి ఫ్యాను ఉంటుంది, తిరగదు. ఆవిడే విచారణాధికారి. మోకాలి లోతు బురదలో దిగి సన్నకన్ను వల లాగిస్తుంది. వచ్చిన చేపల్ని జాతులవారీగా విడదీస్తుంది, తూస్తుంది, పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెట్టి దోమ పిల్లలెన్ని, చేప గుడ్లెన్ని, పురుగులెన్ని అని లెక్కేస్తుంది. నిరుడు ఇదే గుంటలో దొరికిన మీసాల పరిగె ఈసారి వలలో ఎందుకు లేదో రాస్తుంది. ఆ మీసాల పరిగె కూడా దోమ పిల్లల్ని తినే చేపే. దానికి నియామక పత్రం ఎవరూ ఇవ్వలేదు, దొర కాదుగా.

ఆవిడ నివేదిక పైకి వెళ్తుంది. చేపలు వదిలింది ఆరోగ్యశాఖ, మాకు సంబంధం లేదంటుంది మత్స్యశాఖ. చేపలన్నాక మత్స్యశాఖదే కదా అంటుంది ఆరోగ్యశాఖ. మేం సంచులు మాత్రమే మోశామంటుంది మునిసిపాలిటీ. ఫైలు మీద చివరికి "చూడబడినది" అని పడుతుంది. ఈలోగా మళ్లీ వానలొస్తాయి, ఆవిడకు ఫోనొస్తుంది. మేడమ్, చెరువు దగ్గర కార్యక్రమం ఉంది, సైన్సు తెలిసినవాళ్లు ఒకరు ఫొటోలో ఉంటే బాగుంటుంది, రండి.

రిజిస్టరు ఇక్కడితో మూసేస్తున్నాను. ఇక నవ్వు రావడం లేదు.

ఆవిడ ఫొటోలో నిలబడి రాలేక రాలేక ఇంటికొచ్చి ఏం చేయాలి? గొలుసుకట్టులోకి ఒకసారి దిగిన ఈ చేపను వెనక్కి తీసే విద్య ఆమె దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. చిన్న గుంటయితే నీళ్లు తోడి ఎండబెట్టొచ్చు. మందు కొడితే దానితోపాటు అన్ని చేపలూ చస్తాయి. సంచి విప్పిన అయ్యలారా, మీరు ఐదు నిమిషాల్లో ఒంపేసిన చేపల్ని ఏరడానికి ఒక మనిషి ఉద్యోగ జీవితం సరిపోదు. ఈ సంగతి ఆవిడ మొదటి ఏడాదే చెప్పింది. వదిలేముందు అడగలేదు, వదిలాక వినలేదు.

అసలు మీరు ఏ దోమ కోసం చెరువు దాకా వెళ్లారు? డెంగీ మోసే దోమ చెరువులో గుడ్లు పెట్టదు. కూలర్ అడుగున, పంక్చర్ షాపు టైర్లలో, మూత లేని డ్రమ్ములో, కొబ్బరి చిప్పలో పెడుతుంది. అక్కడికి చేప వెళ్లదు, మనిషి వెళ్లాలి. వారానికోసారి వీధి వీధీ తిరిగి ఆ నీళ్లు పారబోయాలి, కాలువ పూడిక తీయాలి. ఆ పని చేసే కార్మికులు మీ దగ్గరే ఉన్నారు. ఔట్‌సోర్సింగ్‌లో, చేతులకు గ్లౌజుల్లేకుండా, ఆగిపోయిన జీతం కోసం మునిసిపల్ ఆఫీసు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. మీ కారు ఆ టెంటు పక్కనుంచే చెరువుకు పోయింది. ఆ సాయంత్రమే ప్రభుత్వాసుపత్రిలో ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లను ఒకే మంచం మీద ఇంకో పిల్ల పక్కన పడుకోబెట్టారు, తండ్రి రక్తం కోసం ఊరంతా ఫోన్లు చేస్తున్నాడు. ఆయన చేతికి మర్నాటి పేపరిచ్చి, చేపలు వదిలాం చూడవయ్యా అని చెప్పే దమ్ము మీలో ఎవరికుంది?

మళ్లీ సంచులు బయల్దేరతాయి, నాకు తెలుసు. ఏ చెరువులో ఎన్ని, ఎవరి అనుమతితో, ఆ చెరువు మత్తడి దూకితే ఎక్కడికి పోతుందో చూసింది ఎవరు? ఆ జీవశాస్త్రవేత్త సంతకమున్న కాగితం ఒక్కటి చూపించి, అప్పుడు విప్పండి సంచి.