రండి బాబూ రండి, చలానాలు!

తెలంగాణ పోలీసు శాఖ బట్టల వ్యాపారంలోకి దిగినట్టుంది. 2023 డిసెంబరు 26 నుంచి 2024 జనవరి 10 దాకా పెండింగ్ చలానాలపై భారీ తగ్గింపు ప్రకటించింది. బైకులకు, ఆటోలకు 80 శాతం. కార్లకు, లారీలకు 60. ఆర్టీసీ బస్సులకైతే హోల్‌సేల్ రేటు, 90 శాతం. క్రిస్మస్ మర్నాడు తెరిచి సంక్రాంతి ముందు కట్టేసేలా ముహూర్తం పెట్టిన అధికారి ఎవరోగానీ, కోఠిలో కొట్టు పెడితే కోట్లు గడిస్తాడు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు 140లో దూసుకుపోతుంది. లేజర్ గన్ క్లిక్‌మంటుంది. వెనకనుంచి తీసిన ఫొటో, నంబరు ప్లేటు, వేళ, వేగం, అన్నీ ఫోనుకు వచ్చేస్తాయి. ఇన్నాళ్లూ ఆ చలానాను బిల్లు అనుకున్నవాళ్లు అమాయకులు. అది కూపన్. దాచుకుంటే వెయ్యి రూపాయల చలానా నాలుగొందలకే వస్తుంది. 2023లోనే ఔటర్ మీద వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచడం కూడా కస్టమర్ సేవలో భాగమే కాబోలు.

షాపుకది రెండో సేల్. 2022 మార్చిలో కరోనా కష్టాల పేరు చెప్పి బైకులకు 75, కార్లకు 50 శాతం తగ్గించారు. జనం ఎగబడ్డారు. గడువు ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. దాదాపు 300 కోట్లు గల్లాపెట్టెలో పడ్డాయి. 2023లో ప్రభుత్వం మారింది, బోర్డు మారలేదు, రేటు మాత్రం ఇంకా దిగింది. అప్పుడు కూడా కట్టకుండా 95 శాతం కోసం ఆగినవాడిని తప్పుపట్టలేం. ఆషాఢం దాకా చీర కొనకుండా ఓపిక పట్టే జాతి మనది.

ఇంతదూరం వచ్చాక మొహమాటమెందుకు? మూడు సిగ్నల్ జంపులు తీసుకున్నవారికి ఒక రాంగ్ రూటు ఉచితమనాలి. ఇరవై చలానాలు దాటిన పాత కస్టమరుకు సీఐ గారే కుర్చీ వేసి కూల్‌డ్రింక్ ఇవ్వాలి. కానిస్టేబుల్ మీటరు టేపు మెళ్లో వేసుకుని పిలవాలి: "రా అన్నా, ఎంతల చూపియ్యాలె? నూటనలభైల మంచి పీసున్నది, ఇప్పుడంత అదే నడుస్తున్నది."

చలానా పడిన సాయంత్రమే మీసేవకు వెళ్లి నిండు వెయ్యి కట్టినవాడూ ఒకడుంటాడు. ఈ కొట్టులో ఎమ్మార్పీకి కొన్న ఏకైక వెర్రిబాగులవాడు. అతనికి రిఫండు లేదు, ఎక్స్ఛేంజీ లేదు.

ఫిన్లాండుకు ఈ వ్యాపారం తెలియదు. అక్కడ జరిమానా ఆదాయాన్నిబట్టి వేస్తారు. 2023 జూన్‌లో, 50 దాటకూడని చోట 82లో వెళ్లిన ఓ కోటీశ్వరుడి చేత 1,21,000 యూరోలు కక్కించారు. సేల్ ఎప్పుడని అతనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

శిక్ష ఎంత కఠినమన్నది కాదు, తప్పించుకోలేమన్న నమ్మకమే మనిషిని ఆపుతుందని ఇటలీవాడు బెకారియా 1764లోనే రాశాడు. మన శాఖ సరిగ్గా ఆ నమ్మకాన్నే అమ్మకానికి పెట్టింది. 2022లో తెలంగాణ రోడ్ల మీద ఏడున్నర వేలమంది చచ్చిపోయారు. దేశమంతటా 1,68,491 మంది. అందులో నూటికి 71 మందిని మింగింది అతివేగమేనని కేంద్ర రవాణా శాఖే లెక్క తేల్చింది. ఆ ఇళ్లలో ఎవరి దుఃఖానికీ తగ్గింపు దొరకలేదు. వేసిన జరిమానా వసూలు చేయడం చేతగాక చేతులెత్తేసి, దానికి జనం మీద దయ అని పేరు పెట్టుకోవడం సిగ్గుమాలిన పని.

2010లో స్టాక్‌హోమ్‌లో కెవిన్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఆలోచనతో ఓ ప్రయోగం చేశారు. వేగం మీరినవాళ్ల జరిమానాల్లోంచి, పద్ధతిగా వెళ్లినవాళ్లకు లాటరీ తీశారు. సగటు వేగం 32 నుంచి 25 కిలోమీటర్లకు దిగింది. అధికారులకు ఎవరికో ఒకరికి డబ్బు వదులుకోవాలనే ఉంటే, ఏడాదంతా ఒక్క చలానా పడని బండికి ఇవ్వండి. మిగతావాళ్ల దగ్గర నిండు వెయ్యీ వారంలోగా వసూలు చేయండి.