పీకి పెట్టు శాస్త్రం

1924 జులై 31న కృష్ణస్వామి చెట్టి గారి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఈ ఊరికి రేడియో వినిపించింది. 1977 జులై 23న దేశంలోకెల్లా మొదటి ఎఫ్ఎం ప్రసారం మోగిందీ ఇక్కడే. అంతటి చరిత్ర గల చెన్నైలో ఇవాళ ఈసీఈ ఫైనలియర్ కుర్రాళ్ళు నలుగురు ఒక సాఫ్ట్‌వేర్ రేడియోని ముందేసుకుని, 101.4 రెయిన్‌బో పట్టడానికి పొద్దుటినించీ కుస్తీ పడుతున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ జేబురేడియోలో అదే స్టేషన్ హాయిగా పాడుతోంది. తరంగం తన పని తాను చేసింది, లేబరేటరీ గుమ్మందాకా వచ్చింది. కంప్యూటర్‌లోకి దారి తీసే మూరెడు తీగ దగ్గర ఆగిపోయింది.

"సార్, డిటెక్ట్ కావట్లేదు."

"పీకి మళ్ళీ పెట్టు."

ఇదీ మన జాతీయ శాస్త్రం. దీనికి సిలబస్ లేదు, పరీక్ష లేదు, అయినా అందరూ డిస్టింక్షనే. పీకి పెట్టినా రాలేదా, ఇంకో పోర్టులో పెట్టు. రాలేదా, రీస్టార్ట్ కొట్టు. రాలేదా, విండోస్ మళ్ళీ ఎక్కించు. అన్నీ అయ్యాక పెద్దాయన ఒకాయన లేచి, గంభీరంగా, "యాంటెనా మార్చి చూశారా?" అంటాడు. అయ్యా, యాంటెనా ఊడబెరికి అటకెక్కించినా పరికరం కంప్యూటర్‌కి కనబడాలి. యాంటెనా ఆకాశంతో మాట్లాడేది, యూఎస్‌బీ మనతో మాట్లాడేది. కానీ ఆడలేక మద్దెల ఓడన్న సామెతని మనవాళ్ళు ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్‌లో భద్రంగా కాపాడుకుంటున్నారు.

అసలు కథ మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లోనే మొదలవుతుంది. ఆ సందులో దొరకని తీగ లేదు. దొరకనిది జవాబొక్కటే.

"అన్నా, ఈ కేబుల్లో డేటా పోద్దా?"

"చార్జింగ్ సూపర్‌గా ఎక్కుద్ది తమ్ముడూ."

"డేటా సంగతి చెప్పన్నా."

"ఫాస్ట్ చార్జింగ్ తమ్ముడూ, గ్యారంటీ మాల్."

ఆయన అబద్ధం ఆడలేదు, గమనించండి. మామూలు యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుండాలి: రెండు కరెంటుకి, రెండు డేటాకి. చార్జింగ్ కేబుల్ చేసేవాడు డేటా తీగలు రెండూ మిగుల్చుకుని రాగి ఆదా చేస్తాడు. ఇప్పుడా కేబుల్ని హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ అనే సాఫ్ట్‌వేర్ రేడియో బోర్డుకి తగిలించండి. బోర్డు మీద 3వీ3, 1వీ8, ఆర్‌ఎఫ్ అని రాసిన బుల్లి దీపాలు వెలుగుతాయి. వాటి పక్కనే యూఎస్‌బీ అని రాసిన దీపం ఒకటి ఉంది. అది మాత్రం వెలగదు. కంప్యూటర్‌తో మాట కలిస్తేనే అది వెలిగేది. తయారుచేసినవాడు రోగం పేరుని బోర్డు మీద అచ్చేసి, దానికో దీపం కూడా పెట్టాడు. మనవాళ్ళు వెలిగే మూడింటినీ చూసి "బోర్డు మంచిదే సార్, డ్రైవరే ప్రాబ్లం" అని తేల్చేస్తారు. ఇక రాత్రంతా డ్రైవర్ల వేట.

డ్రైవర్ల సంగతి చెప్పాలంటే చవక డాంగిల్ దగ్గరికి రావాలి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్పుతో అది పుట్టింది టీవీ చూడ్డానికి. 2012 ప్రాంతంలో కొందరు ఘటికులు దాని కడుపులోంచి ముడి శాంపిళ్ళు బయటికి లాగొచ్చని కనిపెట్టారు. అంతే, టీవీ ముక్క కాస్తా 24 నించి 1766 మెగాహెర్ట్జ్ దాకా ఏదైనా వినే రేడియో అయి కూర్చుంది. మీనంబాకంలో దిగే విమానాలు 1090లో తమ జాడ చెప్పుకుంటుంటే అదీ వింటుంది. లినక్స్ కెర్నెల్‌కి మాత్రం ఈ కబురు రుచించలేదు. డాంగిల్ గుచ్చగానే పిలవని పేరంటానికి వచ్చి పెళ్ళిపెద్దగా కూర్చునే మేనమామలాగా టీవీ డ్రైవర్ ముందుకొచ్చి దాన్ని పట్టేసుకుంటుంది. పోనీ ఆ టీవీ అయినా చూపిస్తుందా? ఈ చిప్పుకి తెలిసింది డీవీబీ-టీ. 2016లో దూరదర్శన్ చెన్నైతో సహా 16 నగరాల్లో ఎత్తుకున్న డిజిటల్ ప్రసారం డీవీబీ-టీ2. అంటే తాను చూపించలేని టీవీ కోసం, మనం వినగలిగే రేడియోని అడ్డుకుంటోందన్నమాట. ఇంతటి నిస్వార్థ సేవ ప్రభుత్వ రంగంలో కూడా అరుదు.

పైగా ఈ డాంగిల్‌ని నడిపే రేడియో సాఫ్ట్‌వేర్ దాపరికం లేనిది. మైనస్ 6 అని ఎర్రర్ చూపించి, కెర్నెల్ డ్రైవర్ అడ్డంగా ఉంది, దాన్ని తప్పించండి లేదా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి అని ఆ మాడ్యూల్ పేరుతో సహా చెబుతుంది. మైనస్ 3 వస్తే, మీకు అనుమతి లేదు, ఫలానా రూల్స్ ఫైలు వేసుకోండి అని 'ప్లీజ్' పెట్టి మరీ బతిమాలుతుంది. ఇంత మర్యాదగా మాట్లాడే యంత్రాన్ని నేను ఇంకోటి చూడలేదు. అయినా ఎవరూ చదవరు. ఎర్రర్ రాగానే కళ్ళు మూసుకుని స్క్రీన్ తుడిచేసి, మళ్ళీ అదే కమాండ్ కొడతారు. రెండోసారి అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని ఆశ.

విండోస్ వాళ్ళకి ఈ బాధ లేదు, వేరే బాధ ఉంది. జాడిగ్ అనే బుల్లి ప్రోగ్రాం తెరిచి, జాబితాలోంచి డాంగిల్‌ని ఎంచి, విన్‌యూఎస్‌బీ డ్రైవర్ తొడగాలి. ఆ జాబితాలో డాంగిల్‌తోపాటు కీబోర్డు, మౌసు కూడా ఉండొచ్చు. పేరు చదివే అలవాటు లేని వీరుడు పైనున్నదాన్ని ఎంచి బటన్ నొక్కేస్తాడు. అప్పుడు కీబోర్డు రేడియో అయిపోతుంది. డాంగిల్ ఎప్పటిలాగే ఏమీ కాదు. తప్పు సరిదిద్దాలంటే టైపు చెయ్యాలి.

ఇక యూఎస్‌బీకి పేర్లు పెట్టే మహానుభావులకో దండం. సెకనుకి 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0ని ముందు 3.1 జెన్ 1 అన్నారు, తరవాత 3.2 జెన్ 1 అన్నారు. వేగం ఇసుమంత పెరగలేదు, పేరుకి మాత్రం మూడు జన్మలెత్తింది. ఈ గందరగోళంలో లక్షలు పోసి కొన్న యూఎస్‌ఆర్‌పీ బీ210 బోర్డుని తెచ్చి కుర్రాడు డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులో గుచ్చుతాడు. దూరడానికి దూరుతుంది. మొదలవగానే "యూఎస్‌బీ 2 మీద నడుస్తున్నాను" అని స్క్రీన్ మీద ఒక ముక్క రాస్తుంది. చదవరు కదా! కాసేపటికి స్క్రీన్ నిండా ఇంగ్లిషు ఓ అక్షరాలు వరసకట్టి పారుతాయి. లోపలికొచ్చే డేటాని తీసుకునే నాథుడు లేక పొంగిపోతోందని దానర్థం. లెక్క పెద్దదేం కాదు. చవక డాంగిల్ సెకనుకి 24 లక్షల శాంపిళ్ళు పంపితే, ఒక్కోటి 2 బైట్లు, మొత్తం 4.8 మెగాబైట్లు. ఇది పాత పోర్టుకి పకోడీ ముక్క. హ్యాక్‌ఆర్‌ఎఫ్ 2 కోట్లు పంపితే 40 మెగాబైట్లు. యూఎస్‌బీ 2 చెప్పుకునే 480 మెగాబిట్లు కాగితం మీద 60 మెగాబైట్లే, కాబట్టి అక్కడే ఊపిరాడదు. బీ210 అంతకుమించి పంపగలదు. ఈ గుణకారం ఎనిమిదో తరగతిది. బీటెక్‌కి వచ్చాక ఎవరు చేస్తారు?

కరెంటు లెక్కా ఇంతే. యూఎస్‌బీ 2 పోర్టు ఇస్తానన్నది 500 మిల్లీఆంపులు. దానికి నాలుగు కాళ్ళ చవక హబ్బు తగిలించి, మౌసు, పెన్‌డ్రైవ్, ఫోన్ చార్జింగ్, వాటి సరసన రేడియో. అగ్నినక్షత్రం ఎండల్లో డాంగిల్ వేడెక్కి, హబ్బు నీరసించి, పావుగంటకోసారి పరికరం మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతుంటే, దానికి "లూజ్ కాంటాక్ట్" అని నామకరణం. వేళచ్చేరిలో మరో మేధావి మేడ మీద డాంగిల్ పెట్టి, రెండంతస్తుల కిందికి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి ముడేసి లాగాడు. యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్లు దాటకూడదని నియమం. దాటితే ఏమవుతుందని ఆయన అడగలేదు. ఏమవుతుందో చూశాడు.

ఇంకో తమాషా ఉంది. యూఎస్‌బీ 3 తీగలూ కనెక్టర్లూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ వాళ్ళు 2012లోనే కాగితం రాసి పెట్టారు. వైఫై, బ్లూటూత్ కాపురం ఉండే వీధి అది. వేగం కోసం కొత్త పోర్టుకి మారితే, మనం వినబోయిన చోటే పోర్టు కూడా గొంతెత్తుతుంది. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో దాని పేరు "నూతన సిగ్నల్ గుర్తింపు".

ఇదంతా ఎందుకంటే, మన కాలేజీలు సాఫ్ట్‌వేర్ రేడియో ల్యాబులు కొంటున్నది వినడానికి కాదు, చూపించడానికి. ఇన్‌స్పెక్షన్ రోజున బీరువా తాళం తీస్తారు, బోర్డులు తుడుస్తారు, కమిటీ వెళ్ళగానే మళ్ళీ తాళం. ఆ తాళం చెవి ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర, ఆయన సెలవులో. కేబుళ్ళు హాస్టల్ కుర్రాళ్ళ ఫోన్ల దగ్గర. ప్రాక్టికల్ పరీక్ష నాడు రికార్డు తెరిస్తే ప్రతి కుర్రాడి పేజీలోనూ ఒకే స్పెక్ట్రం బొమ్మ, 98.3 దగ్గర ఠీవిగా నిలబడ్డ ఒకే శిఖరం, స్క్రీన్ మూలలో ఒకే తేదీ, 2019.

"ఇది మీరే తీశారా?"

"అవును సార్. రెండుసార్లు పీకి పెట్టాక వచ్చింది సార్."

ఎక్స్‌టర్నల్ గారు సంతకం పెట్టి, తన ఫోన్ చార్జింగ్‌కి ఒక కేబుల్ అడిగారు.