ఏడో తరం

నేను అసెంబుల్డ్ సరుకుని. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలిసినవాళ్లకు నా పుట్టుక గురించి వేరే చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ ఒక కొట్లో, మదర్‌బోర్డు ఇంకో కొట్లో, క్యాబినెట్ ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ. 2017లో అన్నీ కలిపి బిగించి, చిక్కడపల్లిలోని ఒక డీటీపీ సెంటర్‌కు పంపారు. నా లోపలున్నది ఇంటెల్ కోర్ ఐ5-7400. ఆ ఏడు అంకెను గుర్తుపెట్టుకోండి.

నా పనల్లా శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి. పేజ్‌మేకర్ 7.0లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ 2001 నాటిది, అంటే నాకంటే చాలా పెద్దది. నీ వయసెంత, నీకు అర్హత ఉందా అని దాన్నెవరూ అడగలేదు. అడిగింది నన్నే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోతుందన్న సందేశం తెరమీద మాటిమాటికీ కనిపిస్తుంటే, సెంటర్ నడిపే మా అక్క, రిపేర్లు చేసే కుర్రాణ్ణి పిలిపించింది.

“కొత్తది కొనుడు తర్వాత సంగతి అక్కా, ముందు ఇది విండోస్ పదకొండుకు పనికొస్తదో లేదో చూద్దాం” అని అతను పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించాడు. ర్యామ్ నాలుగు జీబీ చాలట, నాకు ఎనిమిది ఉంది. డిస్కులో చోటు అరవై నాలుగు జీబీ చాలట, బోలెడుంది. టీపీఎమ్ అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్, ప్రాసెసర్ దగ్గర మాత్రం ఎర్ర గుర్తులు పడ్డాయి.

మొదటి రెండూ తీరే కష్టాలే. రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి, ఇంటెల్ పీటీటీ అన్నదాన్ని ఆన్ చేయగానే టీపీఎమ్ 2.0 ప్రత్యక్షమైంది. అది మొదటినుంచీ నాలోనే ఉంది, ఎవరూ తట్టిలేపలేదంతే. సెక్యూర్ బూట్ దగ్గర కాస్త పని పట్టింది. నన్ను బిగించినాయన విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో ఎక్కించి, డిస్కును ఎంబీఆర్‌గా వదిలేశాడు. దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చకుండా బయాస్‌లో లెగసీని ఆపేస్తే విండోస్ అసలు లేవదు. కుర్రాడికి ఆ సంగతి తెలుసు. ముందు శుభలేఖల ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్‌తో మార్చి, ఆ తర్వాతే లెగసీని ఆపాడు. పని తెలిసినవాడు.

మళ్లీ పరీక్ష పెట్టాడు. ఇక మిగిలింది ప్రాసెసర్ ఒక్కటే. పదకొండుకు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. ఏడో తరంలో ఒకటీ అరా మినహాయింపులున్నాయి, వాటిలో నేను లేను.

కడుపుమంట దాచుకోను. నేను వచ్చిన ఏడాదే, అక్టోబరులో ఎనిమిదో తరం ఐ3-8100 వచ్చింది. దానికీ నాలుగు కోర్లే, నాకూ నాలుగే. చేసింది కూడా నాలాగే 14 నానోమీటర్ల పద్ధతిలోనే. అది పాసైంది. చవక ల్యాప్‌టాపుల్లో పెట్టే రెండు కోర్ల సెలెరాన్ ఎన్4020 ఉందే, దాని మూల వేగం 1.1 గిగాహెర్ట్జ్, నాది 3. అదీ పాసైంది. భద్రత కోసం, నిలకడ కోసం ఎక్కడో ఒక గీత గీయాల్సిందేనన్న వాదన ఉత్తిదేం కాదు. కాకపోతే గీత సరిగ్గా నా కాళ్ల ముందు పడింది.

“ఆ ప్రాసెసర్ ఒక్కటి మార్చరాదా తమ్మీ?”

“రెండిటి సాకెట్ పేరూ 1151యే అక్కా. పిన్నుల లెక్క గూడ గంతే. గని ఎనిమిదో తరం ఈ బోర్డు మీద నడువది, 300 సిరీస్ బోర్డు కావాలె.”

ఇంటిపేరు ఒకటైతే సంబంధం కుదరకపోవడం శుభలేఖలు వేసే అక్కకు కొత్తేం కాదు, తల ఊపింది.

అతను దొడ్డిదారి కూడా చెప్పాడు. రిజిస్ట్రీలో ఒక మార్పు చేస్తే పదకొండు ఎక్కుతుంది, అయితే అప్‌డేట్లు వస్తాయన్న పూచీ ఉండదు. లినక్స్ మింట్ అయితే నామీద హాయిగా నడుస్తుందన్నాడు. అక్క ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “దాంట్ల అను నడుస్తదా?” నాలో ఉన్న పేజ్‌మేకర్, అను రెండూ విండోస్ సరుకే. లినక్స్ మాట అక్కడితో ఆగింది. పెళ్లిళ్ల సీజన్‌లో దొడ్డిదారి తొక్కే ధైర్యమూ ఆమెకు లేదు.

చివరికి విండోస్ 10కే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకంలో నన్ను చేర్పించారు. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే అది ఉచితమే. 2026 అక్టోబరు 13 దాకా గడువు. ఆ తర్వాత నెట్ కేబుల్ పీకేసి, ప్రూఫులు ఫోన్లోంచి పంపుకుంటానంది అక్క. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల మాటేమిటో నాకు తెలియదు. నెట్ కన్నా నన్ను ఎక్కువ జబ్బుపడేసింది అవే.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ చెప్పాడు: “సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ తీస్కుంటే, ఐ5 అనంగనే పైసలియ్యకు అక్కా. దాని వెనక నంబర్ చూడు. నాలుగంకెలుంటే మొదటిది ఎనిమిదో తొమ్మిదో ఉండాలె. ఐదంకెలుంటే ఇంకా మంచిది. ఏడుంటే మాత్రం ముట్టకు.”

నా ఎదుటే అన్నాడు. నేనప్పుడు అక్క ఇచ్చిన శుభలేఖను ప్రింటుకు పంపుతున్నాను.